రెండు తక్కువ

మా ఇంట్లో ఏ డబ్బా అంచుదాకా నిండదు. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, ఆవకాయ జాడీ, ఊరెళ్ళే సంచి, అన్నిట్లోనూ పైన కాస్త ఖాళీ ఉండాల్సిందే. అది నా రోగం. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ వరాలు నవ్వేది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత తనకీ అంటుకుంది. మా అమ్మాయి సంతోషికైతే ఉగ్గుపాలతోనే పట్టించాను.

ఈ రోగం నాకు తుపాకి వల్ల వచ్చింది.

నా పేరు పొట్నూరు సన్యాసిరావు. సరిహద్దు దళంలో ఇరవై రెండేళ్ళు ఆయుధాలు బాగుచేసే హవల్దారుగా చేశాను. రైఫిల్ మ్యాగజైన్‌లో ముప్పై తూటాలు పడతాయని పుస్తకంలో ఉంటుంది. పడతాయి, ఎవరు కాదన్నారు. కానీ ముప్పై నింపిన మ్యాగజైన్‌ని, బోల్టు మూసి ఉన్న రైఫిల్‌కి తగిలించి చూడండి. లోపల స్ప్రింగు చివరి మెలిక దాకా నొక్కుకుపోయి ఉంటుంది. పై తూటా కిందికి జరగడానికి వెంట్రుకవాసి చోటుండదు. అరచేత్తో గట్టిగా కొడితే టక్కుమంటుంది. పడిందనుకుంటాడు జవాను. పడదు. మొదటి గుండు పేలగానే మ్యాగజైన్ ఊడి అతని బూటు మీద పడుతుంది. అలా పడటం నేను ఒక్కసారి కళ్ళారా చూశాను. ఆ బూటు ఎవరిదో చెప్పను, ఆయన ఇంట్లోవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి జవానుకీ ఒకటే పాఠం చెప్పాను. ఇరవై ఎనిమిదే పెట్టు. రెండు తక్కువ.

ఆ పాఠం బరాకుల్లోనే వదిలి రావాల్సింది. ఇంటికి మోసుకొచ్చాను. సంతోషి ఏడేళ్ళప్పుడు బడి సంచి సర్దుకుంటుంటే పరీక్ష పెట్టేవాణ్ణి. "ఇంకో రెండు పుస్తకాలు పడతాయమ్మలూ, దూర్చీ" అనేవాణ్ణి, మొహం మామూలుగా పెట్టి. దూర్చిందా, మొట్టికాయ. "ఒద్దు నాన్నా, జిప్పు పడదు" అందా, బెల్లం ముక్క. రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల నా మాట నమ్మడం మానేసింది. నేను ఎంత గట్టిగా దూర్చమంటే అంత గట్టిగా తల అడ్డంగా ఊపేది. నా అంత మాస్టారు లేడని మురిసిపోయాను. పెద్దయ్యాక అదే దళంలో కానిస్టేబులుగా చేరి, శిక్షణ ముగిసిన రోజు ఫోన్ చేసి, "నాన్నా, నా బొటనవేలు ఇరవై ఎనిమిది దగ్గర అదే ఆగిపోతంది" అంది. ఆ రోజు నేను వీధిలో కనబడిన ప్రతివాడికీ ఆ మాట చెప్పుకున్నాను.

నేను రిటైరయ్యాక విశాఖకి గంట దూరంలో, కొండ వెనక ఉన్న ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా చేరాను. అక్కడ డాక్టర్ వేదవల్లి అని ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి. తుపాకి పేలుతుందంటే ముందే రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగేది. అలాంటి మనిషి తుపాకి స్ప్రింగు కనిపెట్టింది.

మొదటి రోజు నా చేతికి ఒక మ్యాగజైన్ ఇచ్చి, "ముప్పై నింపండి సన్యాసిరావు గారూ. నింపి, ఒక్క వేలితో తోయండి" అంది.

"ఏలితో ఏటి మేడమ్, అరసెయ్యి వాసిపోద్ది."

"తోయండి చూద్దాం."

తోశాను. పడింది. వెన్నలో చెంచా దిగినట్టు దిగి లాకు పడింది. నేను దాన్ని పట్టుకుని లాగాను, ఊపాను, బల్ల అంచుకి కొట్టాను. ఊడలేదు. ఇరవై రెండేళ్ళు ఏ రెండు తూటాల కోసం నేను అందరితో గొడవపడ్డానో ఆ రెండూ లోపల దర్జాగా కూర్చున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ చూసి నవ్వింది.

"ఇది నేర్చుకునే లోహమండీ. కొత్త చెప్పు కాలికి అలవాటు పడుతుంది చూడండి, అలా. ఎక్కడ ఎక్కువకాలం నొక్కి ఉంచుతామో ఆ చోటు గుర్తుపెట్టుకుంటుంది. రైఫిల్‌కి తగలగానే సరిగ్గా ఆ చోట మెత్తబడుతుంది. గుండు పేలిన అదురుకి మళ్ళీ గట్టిపడుతుంది."

"మళ్ళీ గట్టిపడ్డానికి ఎంతసేపు పడతాది?"

"రెండు గుళ్ళు పేలేంత. ముప్పై ఉన్నప్పుడు అవి ఇరుక్కుని ఉంటాయి కదా, ఆ బిగువే మొదటి రెండింటినీ పైకి నెట్టేస్తుంది. ఈలోగా స్ప్రింగు నిద్ర లేస్తుంది."

నా పని స్ప్రింగులకి చదువు చెప్పడం. ఒక్కోదాన్ని మూడు వందల సార్లు ముప్పై తూటాలతో నింపి, నొక్కి ఉంచి, ఖాళీ చెయ్యాలి. అప్పుడుగాని దానికి ముప్పై అంటే ఏమిటో తలకెక్కదు. తర్వాత ఫ్యాక్టరీలో ఈ పని యంత్రాలు చేస్తాయి, కానీ పరీక్షలకి వెళ్ళే మొదటి రెండు వందలూ నా చేతి మీదే చదువుకున్నాయి. బొటనవేలు తోలు రెండుసార్లు ఊడి వచ్చింది. ల్యాబులో అందరూ నన్ను స్ప్రింగుల మాస్టారు అనేవాళ్ళు. ముప్పై దాకా నింపడానికి మొదట్లో నన్ను నేను తిట్టుకోవాల్సి వచ్చేది, వేలు ఇరవై ఎనిమిది దగ్గర మొరాయించేది. ఆ మొదటి రోజు వేలితో తోసిన మ్యాగజైన్‌ని గుర్తుగా నా బల్ల సొరుగులో దాచుకున్నాను, మందు లేని డమ్మీ తూటాలు నింపి. ఎన్ని నింపానని అడక్కండి.

పరీక్షలన్నీ బాగా జరిగాయి. బురదలో ముంచాం, ఐసు పెట్టెలో పెట్టాం, మేడ మీంచి పడేశాం. ఆఖరున సంతకానికి ఫారం వచ్చింది. అందులో తూటాల సంఖ్యకి ఒకటే గడి ఉంది, ముప్పై. నేను పక్కన పెన్సిలుతో "28 పెట్టి నెలల తరబడి ఉంచి కూడా చూడాలి" అని రాశాను. పెద్ద అనుమానమేం కాదు. ఆయుధాలు చూసేవాడి చాదస్తం.

మర్నాడు డైరెక్టర్ శేషగిరి గారు పిలిచారు. మనిషి మంచివాడే, గొంతు పెంచి ఎరగడు. ఆయన్ని చూస్తే కోపం తెచ్చుకోవడం కష్టం, అదే ఆయన బలం.

"ఇదేమిటి సన్యాసిరావ్?"

"మనోళ్ళు ఇరవయ్యెనిమిదే పెడతారు సార్. పెట్టి నడుంకి కట్టుకుని తిరుగుతారు. అదీ ఓసారి సూసీయాల."

"ముప్పై పెట్టుకోవడానికేగా ఇంత కష్టపడ్డాం? ఇది చేతికొచ్చాక ఇరవై ఎనిమిది ఎవరు పెడతారయ్యా?"

"అలవాటు సార్."

"ఎంతకాలం ఉంచి చూడాలంటావు?"

"ఓ ఆర్నెల్లు."

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందుకి జరిపారు. "మొదటి విడత అందుకునే బెటాలియన్లు ఇవి. అందరూ కొండల మీద ఉన్నవాళ్ళే. ఆర్నెల్లు ఆగుదామంటే ఆగుదాం. ఈ చలికాలం కూడా పాతవాటితోనే కానిస్తారు."

రెండో వరసలో సంతోషి బెటాలియన్ ఉంది. తెలిసి చూపించారో తెలియక చూపించారో నాకు ఇప్పటికీ తెలీదు. నా కళ్ళ ముందు మాత్రం బూటు మీద పడిన మ్యాగజైన్ కనబడింది. ఈసారి ఆ బూటు మా అమ్మాయిది. ఆయన పెన్ను అందించారు. నేను పెన్ను పక్కన పెట్టి, ముందు జేబులోంచి రబ్బరు తీసి ఆ పెన్సిలు గీతలు శుభ్రంగా చెరిపాను. రబ్బరు పొట్టు ఊదేశాను. అప్పుడు సంతకం చేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్న సంతోషి ఫోన్ చేసింది. వరాలు పెసరట్లు పోస్తోంది, ఫోను గట్టు మీద పెట్టి ఇద్దరం వింటున్నాం. ఆ పోస్టులో దానికి నిర్మలా టొప్పో అని ఒక స్నేహితురాలు ఉండేది. జార్ఖండ్ పిల్ల. మా అమ్మాయి దగ్గర నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని, ఎప్పుడు ఫోన్ చేసినా ముందు తనే మాట్లాడేది.

"అమ్మా, తిన్నారా? హల్వా వచ్చింది. డబ్బా ఎప్పుడూ నిండా ఉండదు, ఎందుకు?"

వరాలు పకపకా నవ్వింది. మాడుగుల హల్వా అంటే ఆ పిల్లకి ప్రాణం. "మీ అంకుల్నడుగు తల్లీ. ఆ మహానుబావుడు మూత పడదని రెండు ముక్కలు తీసీనాడు."

"ఆ రెండు ముక్కలు ఎవరు తిన్నారు?"

"ఇంకెవులు, ఆడే."

తర్వాత సంతోషి ఫోను తీసుకుంది. "నాన్నా, కొత్త మ్యాగజైన్లొచ్చాయి. ఒక్క వేలితో తోస్తే పడిపోతంది, సూస్తే నమ్మవు. ముప్పై నింపమంతన్నారు."

నాకు ఒళ్ళంతా పులకరించింది. అవి నేను చేసినవే అని చెప్పడానికి లేదు. ల్యాబులో ఏం చేస్తున్నామో పెళ్ళాం బిడ్డలక్కూడా చెప్పబోమని రాసిచ్చిన వాళ్ళం. ఫ్యాన్లూ మిషన్లూ బాగుచేస్తున్నానని ఇంట్లో నమ్మకం.

"అయితే ముప్పై నింపు" అన్నాను.

అటుపక్క నవ్వు. "ఏటి నాన్నా, ఇంకా పరీక్షలేనా? నాకు ఇరవయ్యారేళ్ళొచ్చాయి."

"పరీక్ష కాదమ్మలూ. నిజంగానే అంతన్నాను. ముప్పై పెట్టు."

"బడి సంచిలో పుస్తకాలు దూర్చమన్నప్పుడూ నిజంగానే అన్నావు. నేను పడను. నిర్మలకి కూడా నేర్పీసినాను, ఇద్దరం రెండు తక్కువే. ఇదిగో, గెలిచాను కదా, బెల్లం ముక్క పంపీ."

ఏం చెప్పను? నాకెలా తెలుసని అడిగితే ల్యాబు సంగతి చెప్పాలి. ల్యాబు సంగతి చెబితే రాసి చెరిపిన సంగతి చెప్పాలి. అయినా రెండు తక్కువైతే కొంపలేం అంటుకుంటాయి? రెండు తక్కువ పెట్టి చెడిపోయినవాణ్ణి ఇరవై రెండేళ్ళలో ఒక్కణ్ణి చూడలేదు. లోపల ఏదో మూల కొంచెం గర్వం కూడా ఉంది, చెప్పకుండా దాచను. నా కూతురు సర్కారు కాగితం కన్నా నా పాఠాన్నే నమ్ముకుంది.

"సర్లే, జాగ్రత్త" అన్నాను. అంతే అన్నాను.

జనవరి ఇరవయ్యో తారీఖు, ఉదయం ఏడు గంటలకి, పొగమంచులో ఆరుగురు కంచె దాటారు. వాళ్ళ దగ్గర ఆయుధాలున్నాయి. గస్తీలో ఉన్నది సంతోషి, నిర్మల. సంతోషి ముందు చూసింది, కాల్చింది. ఒక గుండు పేలింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది. బోల్టు లాగింది, కొట్టింది, మళ్ళీ నొక్కింది. తూటా పైకి రాలేదు. అది గమనించి నిర్మల సంతోషికి అడ్డంగా వచ్చి మోకాలి మీద కూర్చుని తన రైఫిల్‌తో కాల్చింది. అదీ ఒక్కటే పేలింది. వెనక పోస్టు నుంచి మిగతావాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి సంతోషి భుజంలో గుండు దిగి ఉంది, నిర్మల దాని ఒళ్ళో చనిపోయి ఉంది.

ఈ సంగతి నాకు ఫోన్లో చెప్పిన అధికారి, చివర్లో ఊరికే అన్నట్టు ఒక మాట అన్నాడు. ఇద్దరి పౌచుల్లోనూ అన్ని మ్యాగజైన్లలోనూ ఇరవై ఎనిమిదే ఉన్నాయట. సూచనల పత్రంలో ముప్పై అని స్పష్టంగా ఉందట.

ఆస్పత్రికి వెళ్ళొచ్చి, వరాలుని అక్కడే ఉంచి, నేను తిన్నగా ల్యాబుకి వెళ్ళాను. సొరుగు తీశాను. నా గుర్తు మ్యాగజైన్ అలాగే ఉంది, నేను పెట్టిన ఇరవై ఎనిమిదితో, పదిహేను నెలలుగా. డాక్టర్ వేదవల్లిని పిలుచుకుని వెనక కాల్పుల షెడ్డుకి వెళ్ళాను. డమ్మీలు తీసి, అసలు తూటాలు సరిగ్గా ఇరవై ఎనిమిది పెట్టాను. వేలితో తోస్తే హాయిగా పడింది. ఆవిడ అలవాటు ప్రకారం చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది.

ఒకటి పేలింది. రెండోది నొక్కాను. టిక్.

ఆవిడ చెవులు మూసుకునే ఉంది, రెండో చప్పుడు కోసం. ఎంతకీ రాకపోయేసరికి చేతులు తీసి ఇటు తిరిగింది. నా మొహం చూసింది, మ్యాగజైన్ చూసింది. నేను ఖాళీ చేసి, మళ్ళీ నింపి, మళ్ళీ కాల్చాను. మళ్ళీ అంతే. ముచ్చటగా మూడోసారీ అంతే.

"ఇందులో ఇరవై ఎనిమిది ఎంతకాలం ఉంది?" అంది.

"పదైదు నెలలు మేడమ్. ఆళ్ళ దగ్గర ఐదు నెల్లే."

"అదే నేర్చుకుంది." ఆవిడ బల్ల మీద కూలబడింది. "ఇరవై ఎనిమిదే నిండుతనం అనుకుని అక్కడ మెత్తబడుతోంది. కానీ లోపల బిగువు లేదు, ఖాళీ ఉంది. స్ప్రింగు లేచేలోపు రెండోది పైకి రాదు. అయ్యో... మనం ముప్పై నేర్పి పంపాం. తర్వాత ఎవరేం నేర్పితే అది నేర్చుకుంది. దానికి మంచీ చెడ్డా ఏం తెలుసు."

ఆవిడ స్ప్రింగు గురించే అంది. నాకు మాత్రం బడి సంచి ముందు కూర్చున్న సంతోషి కనబడింది.

ఇద్దరం శేషగిరి గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విన్నారు, నిజంగానే బాధపడ్డారు. ఫైలు తెప్పించి, కళ్ళజోడు పెట్టుకుని అడిగారు.

"ముప్పై పెడితే పనిచేస్తుందా, చెయ్యదా?"

"చేస్తుంది" అంది వేదవల్లి. "కానీ ఇరవై ఎనిమిదితో మనం పరీక్షించలేదు."

"పరీక్షించమని ఎవరైనా అడిగారా?" ఆయన ఫారం తీసి బల్ల మీద పెట్టారు. నా సంతకం ఉంది. పక్కన తెల్లగా ఉంది.

వేదవల్లి నా వైపు చూసింది. "రాసినాను సార్. మీరు సూసినారు. నానే సెరిపినాను" అన్నాను.

"అవును, చెరిపావు. నేను చెరపమనలేదు." గొంతు మెత్తగానే ఉంది. "సన్యాసిరావ్, ఇప్పుడు చెయ్యాల్సింది ఇంకెవరికీ ఇలా జరక్కుండా చూడటం."

అది మాత్రం చేశారు. వారం తిరక్కుండా ప్రతి మ్యాగజైన్ మీదా పసుప్పచ్చ స్టిక్కరు వేయించారు, ముప్పై తప్పనిసరి అని. పోస్టుల్లో రోజూ లెక్కపెట్టించారు. స్ప్రింగులన్నీ మళ్ళీ ముప్పై నేర్చుకున్నాయి. ఆ తర్వాత ఒక్కటీ మొరాయించలేదు. అంత చిన్న కాగితం ముక్కతో పోయేదానికి, ఆ పిల్ల ప్రాణం పోయింది. ఇక లోపం ఎక్కడుందని ఎవరడుగుతారు? మిగిలింది ఆజ్ఞ మీరిన ఒక కానిస్టేబులు. తను మీరడమే కాక పక్కదానికి కూడా నేర్పి చంపిన కానిస్టేబులు. విచారణకి రమ్మన్న కాగితంలో దాదాపు ఈ మాటలే ఉన్నాయి.

సంతోషి చెయ్యి మెడకి కట్టుకుని ఇంటికొచ్చింది. నెల్లాళ్ళు పెరట్లో కుర్చీ వేసుకుని, బాగున్న చేతి బొటనవేలిని చూసుకుంటూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, ఆరోజు ఫోన్లో ముప్పై పెట్టమన్నావు."

"అన్నాను."

"జన్మలో ఎప్పుడూ అనలేదు. ఆరోజే అన్నావు. రెండుసార్లు అన్నావు. నీకెలా తెలుసు?"

వరాలు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. రాసిచ్చిన కాగితాలన్నీ గంగలో కలవనీ అనుకుని మొత్తం చెప్పేశాను. స్ప్రింగుల చదువు, పెన్సిలు గీత, బెటాలియన్ల పేర్లు, రబ్బరు. అది నిలబడే వింది.

"చెరిపీసినావా?" అంది.

"నీకోసమే అమ్మలూ. ఈ సలికాలానికి నీ సేతిలో మంచి సరుకుండాలని..."

"నాకోసమని అనకు నాన్నా. ఆ మాట నిర్మల వాళ్ళమ్మకి నేను ఎలా చెప్పేది?"

వరాలు వచ్చి నా ముందున్న కంచం తీసేసింది. సగం అన్నం ఉంది అందులో. "రోజూ ఎల్లి పంకాలు బాగుసేస్తన్నావనుకున్నాను" అంది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

సంతోషి గదిలోకి వెళ్తూ ఆగింది. "ఎంక్వైరీలో చెప్తావా?"

"సెప్తాను."

"ఉద్యోగం కోసం కాదు. నేను చంపలేదని ఒక్క కాయితం కావాలి నాకు. ఆళ్ళ ఊరెళ్ళి చూపించాలి."

నేను వెళ్ళాను. డాక్టర్ వేదవల్లి కూడా రావాల్సింది. ఆవిడ దీర్ఘకాలిక సెలవులో ఉన్నారని ల్యాబు నుంచి ఉత్తరం వచ్చింది. ముగ్గురు అధికారులు వరసగా కూర్చున్నారు, పక్కన రాసుకునే గుమస్తా. నా ఫారం అసలు ప్రతి వాళ్ళ ఫైల్లోనే ఉంది. దాన్ని అడిగి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి ఎండకి ఏటవాలుగా పట్టుకున్నాను. పెన్సిలు పోయినా నొక్కిన గాడి మిగిలింది. 28 అన్న అంకెలు కనబడుతున్నాయి. పెద్ద అధికారి లేచి వచ్చి, వంగి చూశారు. "అవును, ఏదో ఉంది" అన్నారు. గుమస్తా దాన్ని రికార్డు కోసం జిరాక్సు తీసుకొచ్చాడు. అందులో ఏమీ రాలేదు, తెల్లగా ఉంది. ఫైల్లో చేరింది జిరాక్సే.

సొరుగులోని మ్యాగజైన్ సంగతి చెప్పాను. అది ల్యాబు ఆస్తి కాబట్టి స్వాధీనం చేసుకుని మళ్ళీ ముప్పై నేర్పించారట. ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తోందట.

"మీరు కానిస్టేబుల్ సంతోషికి ఏమవుతారు?" అని అడిగారు పెద్ద అధికారి.

"తండ్రిని సార్."

గుమస్తా రాసుకున్నాడు. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "నాకూ ఒక కూతురుంది సన్యాసిరావు గారూ. మీ స్థానంలో నేనున్నా ఇలాగే చెప్పేవాణ్ణి." ఆ మాట ఎంతో ఆప్యాయంగా అన్నారు. తిట్టినా బాగుండేది.

పక్కనున్న అధికారి ఒక్క ప్రశ్న అడిగాడు. "ఈ విషయం ఆమెతో ఎప్పుడైనా మాట్లాడారా?"

అబద్ధం చెప్పకూడదని వెళ్ళినవాణ్ణి. ఇన్నాళ్ళూ మింగింది చాలనుకున్నాను. "మాటాడినాను సార్. ఆగస్టులో. ముప్పై పెట్టమని రెండుసార్లు సెప్పినాను. ఆ పిల్ల పరీక్ష అనుకుంది" అని, బడి సంచి సంగతి, బెల్లం ముక్క సంగతి అంతా చెప్పాను. గుమస్తా కొంత రాసుకుని కలం పక్కన పెట్టేశాడు.

మూడు వారాలకి తీర్పు వచ్చింది. సంతోషే చదివింది, గట్టిగా, మా ఇద్దరికీ వినబడేలా. సాక్షి నిందితురాలికి కన్నతండ్రి అయినందున, పరీక్షల లోపం గురించి ఆయన చెప్పినది పరిగణించడమైనది కాదు. అయితే ముప్పై నింపవలసిందిగా ఆయన స్వయంగా రెండు పర్యాయములు హెచ్చరించినట్లు అంగీకరించినందున, కానిస్టేబులు తెలిసి తెలిసీ ఆజ్ఞను ఉల్లంఘించినట్లు రుజువైనది. సర్వీసు నుంచి తొలగించడమైనది.

నేను చెప్పిన నూరు మాటల్లో ఆ ఒక్కటి నమ్మారు.

చదవడం అయ్యాక సంతోషి ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి లోపల దాచింది. ఏడవలేదు.

మర్నాడు ఉదయం నిర్మల వాళ్ళ ఊరికి ప్రయాణం కట్టింది. రెండు రోజుల దారి. వద్దని వరాలు బతిమాలింది, ఆ తల్లి ఏమంటుందోనని. "ఏమన్నా అననీ. అన్నవన్నీ విని వస్తాను" అంది. మాడుగుల నుంచి హల్వా తెప్పించుకుంది. పాత స్టీలు డబ్బా ముందేసుకుని, ఒంటి చేత్తో ఒక్కో ముక్కా పేర్చడం మొదలెట్టింది. అంచుదాకా వచ్చింది. ఆగలేదు. ఇంకో వరస పెట్టింది. మూత పెట్టి నొక్కితే పడలేదు. మోకాలి కింద పెట్టుకుని నొక్కింది. ఒక పక్క పడితే ఇంకో పక్క లేచిపోతోంది.

"రెండు ముక్కలు తీసీమ్మలూ, పడతాది" అన్నాను.

అనాలని అనలేదు. నోటికి అలవాటు.

సంతోషి తలెత్తింది. "ఒక్కసారి కూడా నిండు డబ్బా తినలేదు నాన్నా నిర్మల" అంది.

డబ్బా జారిపోతుంటే పట్టుకుందామని చెయ్యి చాచాను. "నువ్వు ముట్టుకోకు" అంది. మూత అలా సగం లేచి ఉండగానే పైనుంచి పురికొస తాడు చుట్టి, ఒక కొస పళ్ళతో పట్టుకుని ముడి వేసుకుంది.